మాయాబజార్ తర్వాత ఏడు సినిమాలు

1965లో విజయా సంస్థ ఒకే హరిశ్చంద్రుణ్ణి రెండు భాషల్లో కాటికి పంపింది. కన్నడంలో రాజ్‌కుమార్, తెలుగులో రామారావు. కన్నడ సినిమాను హుణసూరు కృష్ణమూర్తి తీశారు. అక్కడివాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. నలభై ఏళ్లు దాటాక, 2008లో, రంగులద్ది మళ్లీ థియేటర్లకు తెచ్చుకుని మరీ చూశారు. తెలుగు సినిమాను తీసింది కె.వి.రెడ్డి. పాతాళభైరవి తీసిన కె.వి.రెడ్డి, మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి. ఆ సినిమా ఆడలేదు.

ఆడకపోవడం సినిమా లోకంలో వింతేమీ కాదు. అంతకు ముందు కూడా ఆయన సినిమా ఒకటి పోయింది, ఆయన లేచి నిలబడ్డారు. కానీ ఈసారి పడ్డాక లేవలేదు. ఆ మాట చెప్పాలంటే తాడిపత్రి నుంచి మొదలుపెట్టాలి.

1912 జులై 1న అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టిన కదిరి వెంకటరెడ్డి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదువుకున్నారు. సినిమాల్లోకి ఆయన్ని లాక్కొచ్చింది కళ మీద మోజు కాదు, స్నేహం. ఊరి స్నేహితుడు మూలా నారాయణస్వామి, బి.ఎన్.రెడ్డితో కలిసి సినిమాలు తీయబోతే డబ్బు దగ్గర నమ్మకమైన మనిషి కావలసి వచ్చాడు. అలా క్యాషియరుగా వచ్చి వాహినీలో ప్రొడక్షన్ మేనేజరయ్యారు. వందేమాతరం, సుమంగళి, దేవత తయారవుతున్నప్పుడు కె.వి. చూసింది ఖర్చు, సరుకు, మనుషులు, వేళకు పని. ఫిల్ము అడుగు ధర ఎంతో, ఒక రోజు షూటింగు ఆగితే ఎంత పోతుందో తెలిశాకే ఆయన కెమెరా పక్కకు వచ్చారు. మన దర్శకుల్లో ఇలా ఖాతాపుస్తకం మీదుగా వచ్చినవాళ్లు అరుదు. ఆ అలవాటు ఆయన్ని ఎత్తుకు తీసుకెళ్లింది. తర్వాత ఆ అలవాటే అడ్డమైందని కూడా అనిపిస్తుంది నాకు.

మొదటి సినిమా భక్త పోతన, 1943. చిత్తూరు నాగయ్య పోతన. కృతిని రాజుకు అమ్ముకోనన్న కవి కథ, యుద్ధం రోజుల్లో జనానికి కావలసిన ఊరటలాగా వచ్చి గొప్పగా ఆడింది. రెండోది యోగి వేమన, 1947. మళ్లీ నాగయ్యే. విమర్శకులు ఈనాటికీ దాన్ని తెలుగులో వచ్చిన మంచి సినిమాల్లో ఒకటిగా చెబుతారు. భోగంలో మునిగిన కుర్రవాడు, అన్నకూతురు పోయాక శ్మశానంలో కూచుని ఆలోచించేవాడిగా మారే చోట నాగయ్య ముఖం మీద కెమెరా ఎంత ఓపికగా నిలబడుతుందో చూడండి, తొందర అన్నది కనిపించదు. డబ్బు మాత్రం రాలేదు.

ఇంకొకరైతే జనానికి రుచి తెలీదని అలిగేవారు. కె.వి. లెక్క వేరు. జనం రాలేదంటే తన దగ్గరే ఎక్కడో తప్పు పోయిందని ఆయన నమ్మకం. రెండేళ్లకు గుణసుందరి కథతో వచ్చారు. పింగళి నాగేంద్రరావు రాసిన ఆ కథకు మూలం షేక్‌స్పియర్ లియర్ రాజు. కానీ సినిమా చూస్తున్నంతసేపూ ఆ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. ముగ్గురు కూతుళ్ల రాజు, తండ్రి కన్నా భర్తే ఎక్కువని నిజం చెప్పినందుకు కురూపికి అంటగట్టబడ్డ చిన్నకూతురు, ఆ కురూపి వెనక దాగిన రాజకుమారుడు. అచ్చంగా మన ఇళ్లలో రాత్రిపూట అమ్మమ్మ చెప్పే కథ. హీరో కస్తూరి శివరావు, హాస్యనటుడు. హీరోయిన్ జూనియర్ శ్రీరంజని, సాదా మనిషి. రాజు గోవిందరాజుల సుబ్బారావు, నాటకాల వాడు. తారలంటూ ఎవరూ లేకుండా 1949 చివర్లో వచ్చిన ఆ సినిమా విరగబడి ఆడింది. ఇక్కడే కె.వి.కి తన దారి తెలిసింది, పింగళి అనే తోడు దొరికాడు. మరుసటి ఏడే మూలా నారాయణస్వామి పోయారు. వాహినీ స్టూడియో విజయా సంస్థ నాగిరెడ్డి చేతికి వచ్చింది. స్నేహితుడి ఇల్లు మారింది గానీ, ఇల్లంటూ ఉంది. కె.వి. విజయాలో చేరారు.

ఆ రోజుల్లో విజయా అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పడం కొంచెం కష్టం. రచయిత, దర్శకుడు, కెమెరామన్, నటులు, కళాదర్శకుడు, అందరూ నెలజీతాల మీద ఒక కాంపౌండులో ఉండేవాళ్లు. పొద్దున్నే వచ్చి కథ మీద కూచునేవాళ్లు. ఒక సీను కుదరకపోతే మర్నాడు మళ్లీ కూచునేవాళ్లు. నాగిరెడ్డి డబ్బు, చక్రపాణి వ్యంగ్యం, పింగళి మాట, మార్కస్ బార్ట్‌లే కెమెరా, మాధవపెద్ది గోఖలే, కళాధర్‌ల సెట్లు. చందమామ పత్రిక కూడా ఆ ఇంటిదే అని గుర్తుంటే, ఆ సినిమాల రుచి ఎక్కడిదో వేరే చెప్పనక్కర్లేదు.

1951 మార్చిలో పాతాళభైరవి వచ్చింది. తోటమాలి కొడుకు రాజకుమార్తెను ప్రేమించాడు, రాజు ధనం తెమ్మన్నాడు, మాంత్రికుడు బలికి కుర్రవాణ్ణి వెతుక్కుంటున్నాడు. కాశీమజిలీ కథల వాసన కొంత, అల్లావుద్దీన్ వాసన కొంత. తోటరాముడిగా రామారావును ఎంచుకోవడం గురించి ఒక కథ పరిశ్రమలో చెప్పుకుంటారు. రామారావు, నాగేశ్వరరావు టెన్నిస్ ఆడుతుంటే కె.వి. చూశారట. బంతి పోయినందుకు రామారావుకొచ్చిన కోపం, ఆ రాకెట్టు విసురు చూసి ఇతనే తోటరాముడు అనుకున్నారట. నిజమెంతో గానీ కె.వి. చూపుకు తగిన కథే. నేపాళ మాంత్రికుడిగా ఎస్.వి.రంగారావు దొరికాడు. అప్పటిదాకా ఇద్దరూ ఎవరో కొందరికే తెలిసిన నటులు. ఆ సినిమా తర్వాత తెలుగునాట వాళ్లు తెలియని ఊరు లేదు. మరుసటి జనవరిలో బొంబాయిలో మన దేశపు తొలి అంతర్జాతీయ చిత్రోత్సవం జరిగితే అందులో ఈ సినిమా వేశారు.

పెద్దమనుషులు 1954లో వచ్చింది. ఇబ్సెన్ నాటకాన్ని పట్టుకుని డి.వి.నరసరాజు అనే కొత్త రచయితతో రాయించారు. ఊరి మునిసిపల్ ఛైర్మన్ ధర్మారావు, పైకి ధర్మమూర్తి, లోపల వేరు. అతని చుట్టూ కాంట్రాక్టరు, అవధాని, పత్రికాయన. వీళ్లందరి గుట్టూ తెలిసి నిజం మాట్లాడేవాడు ఒక్క పిచ్చివాడు, తిక్క శంకరయ్య, రేలంగి వేశాడు. స్వాతంత్ర్యం వచ్చి ఏడేళ్లు తిరక్కుండా ఊరి పెద్దల మీద అంత నిర్భయంగా సినిమా తీసినవాళ్లు అప్పట్లో ఎందరున్నారు? రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. మరుసటి ఏడు, 1955లో దొంగరాముడు. అన్నపూర్ణా సంస్థ 1951లో పుట్టినా మొదటి సినిమా కె.వి.తోనే తీయాలని దుక్కిపాటి మధుసూదనరావు నాలుగేళ్లు కాచుకుని కూచున్నారు. దర్శకుడి కోసం సంస్థ ఆగడం! ఇవాళ్టి వాళ్లు నవ్వినా నవ్వవచ్చు. తల్లి మందు కోసం దొంగతనం చేసిన కుర్రవాడు చెరసాల పాలై, అనాథాశ్రమంలో పెరిగిన చెల్లెల్ని వెతుక్కుంటూ వచ్చే కథ అది. స్క్రీన్‌ప్లే ఎలా ఉండాలో చెప్పడానికి దాన్ని పుణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో చూపిస్తారని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

ఇక మాయాబజార్. 1957 మార్చి 27. కె.వి. తీసిన పద్నాలుగింట్లో ఏడోది.

ఈ సినిమా గురించి చెప్పనివాళ్లు లేరు గనక నేను రెండు చోట్లే ఆగుతాను. ఒకటి స్టాప్‌వాచ్. షూటింగుకు ముందే నటుల చేత డైలాగులు చెప్పించి, నడిపించి, కె.వి. చేతిలో గడియారంతో ప్రతి సీనుకూ ఇన్ని నిమిషాలని రాసుకునేవారు. పాటకు ఇంత, నవ్వుకు ఇంత, నవ్వాక ఊపిరి తీసుకోవడానికి ఇంత. అప్పుడు ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న సింగీతం శ్రీనివాసరావు ఈ పద్ధతి గురించి చాలాసార్లు చెప్పారు. సినిమా మొత్తం ముందే కాగితం మీద నడిచి, సెట్టు మీదకు వచ్చేసరికి మిగిలింది తీయడమే. మూడుగంటల సినిమాలో ఒక్క సీను కూడా పొడుగనిపించదంటే ఆ గడియారం పుణ్యమే.

రెండోది పెళ్లిపీటల దగ్గర. శశిరేఖ, అంటే సావిత్రి రూపంలో కూచున్నది ఘటోత్కచుడు, రంగారావు. పక్కన లక్ష్మణ కుమారుడు, రేలంగి. పెళ్లికొడుకు కాలు తొక్కుతుంది పెళ్లికూతురు, మెల్లగా, నవ్వుతూ. రేలంగి ముఖం వంకర్లు పోతుంది. అడ్డుచెంగు వెనక సావిత్రి కళ్లలో ఒక్క క్షణం రంగారావు తొంగిచూస్తాడు, మళ్లీ సిగ్గుపడ్డ పెళ్లికూతురైపోతుంది. ఆ పిల్లకు అప్పుడు ఇరవై ఏళ్లు దాటి కొంతే. ఒక ఆడపిల్ల ఒంట్లో రాక్షసుడున్నాడని మనం నమ్మడానికి ఏ ట్రిక్ షాటూ అక్కర్లేకపోయింది. లడ్డూలు తమంతట తాము ఎగిరి రంగారావు నోట్లో పడడం బార్ట్‌లే చేసిన మాయ. ఇది కె.వి. చేసిన మాయ.

అసలు ఆయన సినిమాలన్నీ వరసగా పెట్టి చూస్తే ఒకటే కనిపిస్తుంది. ఒకరు ఇంకొకరుగా నటిస్తుంటారు. కురూపి వెనక రాజకుమారుడు, పెద్దమనిషి వెనక దగాకోరు, దొంగ వెనక అన్న, శశిరేఖ వెనక ఘటోత్కచుడు. వేషం ఎప్పుడు వేయాలో, ఎంతసేపు ఉంచాలో, ఏ నిమిషాన తీసేయాలో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వ్యాసుడి భారతంలో లేని శశిరేఖ కథ సురభి నాటకాల్లోంచి వచ్చింది. పాండవులు ఒక్కసారైనా తెర మీదకు రాని భారత కథ అది. వాళ్లు లేరని మనకు ఎప్పుడైనా అనిపించిందా?

రామారావు కృష్ణుడంటే జనం ఒప్పుకోరని అప్పట్లో అందరికీ భయం, ఆయనకే భయం. అంతకు ముందు ఏడు సొంతవూరు సినిమాలో కృష్ణుడిగా కాసేపు కనిపిస్తే ప్రేక్షకులు మెచ్చలేదు. కె.వి. పట్టుబట్టి ఒప్పించారు. కిరీటం, నుదుటి బొట్టు, నవ్వు, అన్నీ ఆయన దగ్గరుండి చూసుకున్నారు. ఆ తర్వాత తెలుగువాళ్ల పూజగదుల్లో ఏ ముఖం వెలిసిందో మనకు తెలుసు.

ఇక్కడితో ఆపేస్తే ఇది విజయగాథే. ఇంకా ఏడు సినిమాలున్నాయి.

పెళ్లినాటి ప్రమాణాలు 1958. సొంతంగా పెట్టుకున్న జయంతీ పిక్చర్స్ మీద. అక్కినేని, జమున. పెళ్లినాడు చేసిన బాసలు కాపురం నడిచేకొద్దీ ఏమవుతాయన్న కథ. పేరొచ్చింది, జాతీయ స్థాయిలో గుర్తింపొచ్చింది, పాటలు నిలిచాయి. మాయాబజార్ చూసిన కళ్లకు చిన్నదిగా కనబడింది గానీ నాకు మాత్రం ఇది కె.వి. సినిమాల్లో అన్యాయంగా మరుగున పడ్డది. జగదేకవీరుని కథ 1961. విజయాలో మళ్లీ పాత జట్టు, పాత జోరు. ఆ పాట గురించి చెప్పకుండా ముందుకెళ్లలేం. పెండ్యాల బాణీలో, ఘంటసాల గొంతులో శివశంకరి, తెర మీద ఒకే ఫ్రేములో రామారావులు అయిదుగురు, ఒకరు పాడుతూ, ఒకరు వీణ మీటుతూ, ఒకరు మృదంగం వాయిస్తూ. పాట ముగిసేసరికి బండరాయి కరుగుతుంది. పెండ్యాల, బార్ట్‌లే, పింగళి, కె.వి., నలుగురూ కలిసి ఒక్కటిగా ఊపిరి తీసుకున్న చివరి సందర్భం అది అంటే తప్పేమీ లేదు.

ఆ మరుసటి ఏడు విజయాలో గుండమ్మ కథ వచ్చింది. తీసింది కమలాకర కామేశ్వరరావు, ఒకప్పుడు పాతాళభైరవికి కె.వి. దగ్గర పనిచేసినవాడు. రాజులు లేరు, మాయలు లేవు, ఓ గయ్యాళి అత్త, ఇద్దరు కూతుళ్లు, వేషాలు వేసుకుని వచ్చిన ఇద్దరు అల్లుళ్లు. అది ఆడిన ఆట చూశాక సంస్థకైనా జనానికైనా చూపు వేరే వైపు మళ్లడం సహజం. 1963లో కె.వి. మళ్లీ జయంతీ మీద శ్రీకృష్ణార్జున యుద్ధం తీశారు. రామారావు కృష్ణుడు, నాగేశ్వరరావు అర్జునుడు, చిలకమర్తివారి గయోపాఖ్యానం. ఇద్దరు హీరోల బలం వల్ల గట్టెక్కింది. కానీ అదే ఏడాది శిష్యుడు కామేశ్వరరావు నర్తనశాల తీశాడు. అదే ఏడాది లవకుశ రంగుల్లో వచ్చి ఊళ్లకు ఊళ్లను బళ్లు కట్టించి టౌన్లకు రప్పించింది. పౌరాణికానికి కొత్త ఎత్తులు వేరేవాళ్ల చేతుల్లో పుట్టాయి.

జానపదం సంగతి ఇంకా విడ్డూరం. కె.వి. ఒక్కో కథ మీద ఏళ్ల తరబడి కూచునేవారు. ఆ లోగా విఠలాచార్య వచ్చాడు. బందిపోటు, అగ్గిపిడుగు. తక్కువ ఖర్చు, తక్కువ రోజులు, పుర్రెలు, దెయ్యాలు, కత్తియుద్ధాలు. నేల టికెట్టు జనానికి ఆ సరుకే కావాలి, అది నెలనెలా దొరుకుతోంది. విఠలాచార్యను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు, ఆయన పని ఆయన బాగానే చేశాడు. కానీ పాతాళభైరవితో జానపదానికి వచ్చిన పరువు బజారులో చిల్లరగా మారిపోయింది. ఆ చిల్లర మధ్య కె.వి. పెద్దనోటు మారలేదు.

తారల రోజులు మారాయి. అరవైల నడుమకు రామారావు ఏడాదికి పదికి పైగా సినిమాలు చేస్తున్నారు. ఉదయం ఒక ఫ్లోరు, మధ్యాహ్నం ఇంకో ఫ్లోరు. కాల్షీట్లు గంటల్లెక్కన. పది రోజులు రిహార్సల్సు చేసి గడియారం పట్టుకుని కూచునే దర్శకుడికి ఆ గంటలు ఎవరిస్తారు? పాతాళభైరవి నాటి రామారావు విజయా జీతగాడు. 1965 నాటి రామారావు పరిశ్రమకు యజమాని లాంటివాడు. పైగా 1961లోనే సీతారామ కళ్యాణంతో తానే దర్శకుడయ్యాడు. కృష్ణుడు ఎలా నవ్వాలో ఇప్పుడు ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కె.వి. పద్ధతి నిలబడింది ఆ నెలజీతాల కాంపౌండు మీద. అది కరిగిపోయాక ఆయన చేతిలో మిగిలింది గడియారం ఒక్కటే.

సత్యహరిశ్చంద్ర ఆ పరిస్థితిలో వచ్చింది. మన ఊళ్లలో హరిశ్చంద్ర అంటే నాటకం. బలిజేపల్లివారి పద్యాలు, పెట్రోమాక్సు దీపాలు, తెల్లవారేదాకా కాటిసీను, వన్స్‌మోర్లు. పద్యం ఎత్తుకోగానే రెండో పాదం జనమే అందుకునే నాటకం అది. దానికి పోటీగా తెర మీద నిలబడటం ఎవరికైనా కష్టమే. కానీ నాకు తోచే కారణం ఇంకోటి ఉంది. హరిశ్చంద్రుడు అబద్ధమాడడు. వేషం వేయడు. ఎవరినీ మభ్యపెట్టడు. ఎంత బాధ పెట్టినా అలాగే నిలబడతాడు. మాయ తెలిసిన దర్శకుడికి అతని దగ్గర చేయడానికి పనేముంది? అంతకు ముందు పోయిన యోగి వేమన కూడా అలాంటి కథే, తెరలన్నీ తీసేసుకున్న మనిషి కథ. పోతన ఒక్కడూ ఈ మాటకు ఒప్పుకోడనుకోండి. కన్నడంలో అదే కథ ఆడిందంటే, రాజ్‌కుమార్ గొంతు, అక్కడివాళ్ల జ్ఞాపకాలు వేరు. అదే 1965లో కామేశ్వరరావు పాండవ వనవాసం తీస్తే మనవాళ్లు విరగబడి చూశారు. పౌరాణికాలంటే జనానికి విసుగు పుట్టిందని చెప్పుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

తర్వాతి మెట్లు కె.వి. వేగంగా దిగారు. 1968 జనవరిలో ఉమా చండీ గౌరీ శంకరుల కథ. పేరులోనే ఊపిరాడనంత మంది. పింగళి మాట ఉంది, పెండ్యాల పాట ఉంది, రామారావు, సరోజాదేవి ఉన్నారు. అన్నీ ఉండి ఏదో లేదు. సినిమా చూస్తుంటే ప్రతి సీనూ వేళకే మొదలై వేళకే ముగుస్తుంది, గడియారం ఇంకా తిరుగుతూనే ఉంది, లోపల సందడి మాత్రం తగ్గిపోయింది. అదే ఏడు సెప్టెంబరులో సొంత జయంతీ పిక్చర్స్ మీద భాగ్యచక్రం. ఒక వాన పాట మిగిలింది, అది ఇప్పటికీ రేడియోలో వస్తుంటే చెవి అటే పోతుంది. మిగతా సినిమా సంగతి జనం మరిచిపోయారు. విజయాతో బంధం తెగింది. చేతిలో కథలున్నా తీస్తామనేవాళ్లు రాలేదు. దుక్కిపాటి నాలుగేళ్లు కాచుకున్న మనిషికి తన కథ కోసం తానే కాచుకోవలసిన రోజులొచ్చాయి.

ఈ కాలం గురించి ఒక మాట పరిశ్రమలో చెప్పుకుంటారు. కొడుకును చదువుకు అమెరికా పంపడానికి కె.వి.కి డబ్బు అవసరమైందట. ఆ సంగతి రామారావు చెవిన పడింది. ఊరికే ఇస్తే ఆ మనిషి తీసుకోడని తెలుసు. అందుకని వెళ్లి, గురువుగారూ, మీ దగ్గర కృష్ణుడి కథ ఒకటి ఉంది కదా, అది తీద్దాం అని అడిగి అడ్వాన్సు చేతిలో పెట్టారట. మాట మాటకూ సాక్ష్యం అడిగితే ఎవరూ ఇవ్వలేరు. కానీ ఆ ఇద్దరి మధ్య ఉన్న మర్యాద తెలిసినవాళ్లు దీన్ని నమ్మడానికి వెనకాడరు. తోటరాముణ్ణి చేసినవాడికి తోటరాముడు ఇచ్చింది భిక్ష కాదు, పని.

అలా తయారైంది శ్రీకృష్ణసత్య, 1971 డిసెంబరులో విడుదలైంది. రామారావు కృష్ణుడు, జయలలిత సత్యభామ, కథ పింగళిది. ఆ ఏడు తెలుగు తెర దసరా బుల్లోడుది, ప్రేమనగర్‌ది. రంగుల కోట్లు, కొత్త నాట్యాలు, నవలల్లోంచి దిగిన హీరోయిన్లు. ఆ హోరులో కృష్ణుడు, సత్యభామ ఓ పక్కకు ఒదిగి నిలబడ్డారు. చూస్తే కె.వి. చేయి అక్కడక్కడా తగులుతుంది. భార్య అలకను కృష్ణుడు గమనించనట్టు నటిస్తూ గమనించే చోట్ల పాత నవ్వు మెరుస్తుంది. పింగళి మాత్రం ఆ సినిమా విడుదల చూడలేదు. అదే ఏడు మే నెలలో పోయారు. గుణసుందరి కథ నుంచి రెండు దశాబ్దాలు ఒకే బల్లకు అటూ ఇటూ కూచున్న ఇద్దరిలో ఒకరు ముందు లేచి వెళ్లారు.

కె.వి. 1972 సెప్టెంబరు 15న మద్రాసులో కన్నుమూశారు. అరవై ఏళ్లు. 28 ఏళ్లలో తీసినవి పద్నాలుగే. ఈ లెక్కలో ఇంకో లెక్క కూడా ఉంది. ఆయన్ని సినిమాకు పరిచయం చేసిన బి.ఎన్.రెడ్డికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. ఆయన ఎవరి సంస్థలో పనిచేశారో ఆ నాగిరెడ్డికి వచ్చింది. ఆయన దొంగరాముడిగా చూపించిన నాగేశ్వరరావుకు వచ్చింది. ఆ రోజుల్లో వాహినీ శబ్దవిభాగంలో కుర్రవాడిగా ఉన్న కె.విశ్వనాథ్‌కూ వచ్చింది. కె.వి.కి రాలేదు. బతికి ఉన్న చివరి ఏళ్లలో ఫ్లాపు దర్శకుడన్న పేరే ఊళ్లో వినబడింది గనక అప్పుడెవరికీ తట్టకపోయి ఉండవచ్చు. 2010లో మాయాబజార్‌కు రంగులేసి విడుదల చేసినప్పుడు థియేటర్ల ముందు కట్టిన కటౌట్లు రామారావువి, రంగారావువి, సావిత్రివి.

కె.వి. పోయిన ఏడాదే సింగీతం శ్రీనివాసరావు మొదటి సినిమా నీతి నిజాయితీ వచ్చింది. ఆ శిష్యుడి దగ్గర బౌండు స్క్రిప్టు అలవాటు పోలేదు. మాటలే లేకుండా 1987లో పుష్పక విమానం తీశాడంటే, సీనుకు ఇన్ని క్షణాలని ముందే తూచుకున్న మనిషే అలా తీయగలడు. 1994లో విజయా పేరు మీద ఒక సినిమా వచ్చింది. నాగిరెడ్డి కుటుంబం, రామారావు కొడుకు బాలకృష్ణ, దర్శకుడు సింగీతం. తీసింది జానపదం, మాంత్రికుడున్న కథ, భైరవద్వీపం. జానపదాలకు కాలం చెల్లిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో అది శతదినోత్సవం చేసుకుంది.